గడియ పాట

"పాడతా ఉండాదమ్మా, బిరాన రా!" పిట్టలకు మేత వేసే మారెమ్మ వాటి గదిలోంచి కేకేసింది.

శ్రీజ పరుగున వచ్చి టేప్‌రికార్డర్ నొక్కింది. మరో పిట్ట గొంతు వినపడకుండా ఈ బెంగళూరు ల్యాబులో ఒంటరిగా పెంచిన మగ జీనువాయి పిట్ట అది. ఏ పాటా విననిది ఏం పాడుతుందన్నదే ఆమె పరిశోధన.

"కిర్ర్... టక్. కిర్ర్... టక్."

"యాడ నేర్చిందో నా తల్లి!" మురిసిపోతూ మారెమ్మ గింజలు పోసి, పంజరం గడియ వేసింది.

కిర్ర్... టక్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు మారెమ్మ ఇంటినుంచి కొబ్బరినూనె తెచ్చి గదిలోని గడియలన్నిటికీ పూసింది. మళ్లీ ఏ గడియా చప్పుడు చేయలేదు.

కొన్నాళ్లకు జీనువాయికి జోడీ కుదిరింది. పిల్లలు పుట్టాయి.

గడియ చప్పుడు ఎన్నడూ వినని పిల్ల, తండ్రి పక్కన కూర్చుని తొలిసారి గొంతు విప్పింది.

"కిర్ర్... టక్."