తల కొలత

“దాన్ని తీసుకెళ్ళి నా ఎద్దుకి పెట్టు, పో!” అన్నాడు ఆన్సిస్, గేటు తియ్యకుండానే.

వెల్టా చేతిలో ఓక్ ఆకుల కిరీటం ఉంది. పచ్చివాసన ఇంకా పోలేదు. వెనక కొండ మీద అప్పుడే పండగ మంట వేశారు.

లాత్వియా పల్లెల్లో ఓక్ అంటే మగవాడి చెట్టు. నడివేసవి పండగనాడు ఇంటావిడ అల్లిన ఓక్ కిరీటం నెత్తిన లేకుండా మంట దగ్గరికెళ్తే ఊరంతా వేళాకోళం. ఆన్సిస్ ఇంటావిడ జెల్మా మట్టిలో ఉంది. ఆమె పోయాక అతను పండగనాడు గేటు దాటలేదు. ఇంకో ఆడదాని చేతి ఆకు నెత్తికెక్కిందా, జెల్మా రెండోసారి పోయినట్టే.

పక్కపొలం వెల్టాకీ మొగుడు లేడు. ఆమె కంచె బయట గడ్డి మేస్తున్న ఎద్దు దగ్గరికెళ్ళి నిజంగానే పెట్టింది. కిరీటం ఒక కొమ్ముకి వేలాడింది.

“చాల్లేదయ్యా. దీని తల నీ తలకంటే పెద్దదని ఇవాళే తెలిసింది.”

“ఇంక నడువ్.”

“ఒక్కసారి పెట్టుకో. సరిపోకపోతే మేకకి మేతేస్తా. మళ్ళీ నీ గడప తొక్కను.”

ఆన్సిస్‌కి ఆ బేరం నచ్చింది. అతని తలకి అంగట్లో టోపీ దొరకదు. పెళ్ళికి ముందు ఎవరు అల్లిచ్చినా పిట్టగూడులా నడినెత్తిన కూర్చునేది, లేదా జారి ముక్కు మీద పడేది. జెల్మా ఒక్కతే సరిగ్గా అల్లేది. ఇదీ సరిపోదు, పీడా వదిలిపోతుంది.

“ఇలా తే!”

పెట్టుకున్నాడు. చెవుల పైన పట్టినట్టు కూర్చుంది. తల విదిలించాడు. కదల్లేదు. వంగాడు. పడలేదు.

“నా కొలత నీకెవరిచ్చారు?” ఈసారి గొంతులో కరుకు లేదు.

వెల్టా ఏప్రన్ జేబులోంచి ఎర్ర ఉన్నిదారం తీసింది. రెండు కొసలా ముళ్ళు. జెల్మా అతని మేజోళ్ళకి వేసే ముళ్ళే. ఆన్సిస్ గేటు పట్టుకున్నాడు.

“నువ్వు నిద్రపోతుంటే కొలిచి, పోయేముందు నా చేతిలో పెట్టింది,” అంది వెల్టా. “కరుస్తాడు, అయినా వదలొద్దు అంది.”