ఒంటికాలి పరీక్ష

"నీకు చూపు లేదని మా వదినని పది నిమిషాలు నమ్మించు. అంధుడి పాత్ర నీదే. లేదంటే మళ్ళీ ద్వారపాలకుడివే," అన్నాడు దర్శకుడు.

నటుడు ఎగిరి గంతేశాడు. పన్నెండేళ్ళుగా ఈటె పట్టుకుని స్టేజీ మీద ఓ మూల నిలబడీ నిలబడీ విసిగిపోయిన ప్రాణం అది. మాటలున్న పాత్ర చేతికందేలా కనిపించడం ఇదే మొదటిసారి.

వదినగారు ఆసుపత్రిలో తల తిరిగేవాళ్ళకి నిలకడ నేర్పుతుంది. ఆవిడ కళ్ళు కప్పడం ఎంతసేపు అనుకున్నాడు. అయినా నలభై రోజులు అద్దం ముందు సాధన చేశాడు. రెప్ప వేయకుండా శూన్యంలోకి చూడడం, కనుగుడ్లు మెల్లగా పైకి తేలేయడం, అన్నీ వంటబట్టాయి. వాళ్ళావిడ హడలిపోయి, "ఒక్కసారి నా వంక చూడండీ" అని ఏడ్చింది కూడా.

నల్లకళ్ళద్దాలు పెట్టుకోలేదు. ఇంత పనితనం దాచుకోవడం దేనికి?

కర్ర తాటించుకుంటూ గదిలోకి వెళ్ళాడు. స్టూలుకి గుద్దుకున్నాడు. గోడ తడిమాడు. మనిషి వంక మాత్రం చచ్చినా చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. చూపు లేనివాడు చూడడుగా! అందుకే పైకప్పు మూలనున్న సాలెగూడు మీద చూపు నిలిపాడు.

"దెబ్బ తగిలిందా బాబూ?" అందావిడ కుర్చీలోంచి.

"అలవాటేనమ్మా. చిన్నప్పుడే చూపు పోయింది. ఈమధ్య నడుస్తుంటే తూలుతున్నాను."

తన గొంతులో జీరకి తనకే ముచ్చటేసింది.

"నాలుగడుగులు ముందుకి రండి. కాలికి చెక్క తగుల్తుంది. చెప్పులు విప్పి, దానిమీద ఒంటికాలితో నిలబడండి."

నిలబడ్డాడు. సాలెగూడే ఆసరా. కొయ్యబొమ్మలా కదల్లేదు. పన్నెండేళ్ళ ద్వారపాలకుడాయె!

"బాగుంది. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

ఒక్క క్షణం దొంగబుద్ధి పుట్టింది. మూయకపోతేనో? కానీ ఆవిడ రెండడుగుల దూరంలో, ఎదురుగానే ఉంది. ఇక్కడ దొరికిపోతే పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. గట్టిగా మూసుకున్నాడు.

అంతే. లోకం పక్కకి జారింది. చెక్క కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. చేతులు గాలిలో ఈదాయి. దబ్బున నేలమీద కూలబడ్డాడు.

"మా మరిది పంపాడా?" ఆవిడ పకపకా నవ్వింది. "ఈ నెలలో మీరు మూడోవారు."

నటుడికి ఏడుపొక్కటే తక్కువ. "ఎలా పట్టేశారమ్మా?"

"చూపున్నవాళ్ళు సగం కళ్ళ ఆసరాతోనే నిలబడతారు. అవి మూస్తే చెవి లోపలుండే తూకం మీదే భారమంతా పడుతుంది. అలవాటు లేని పని కదా, తడబడుతుంది. చూపు లేనివాడికి తెరిచినా మూసినా ఒకటే. ఊగితే మొదటినుంచీ ఒకేలా ఊగుతాడు. మీరేమో కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ స్తంభంలా ఉన్నారు, మూయగానే చెక్క గోల పెట్టింది."

"నలభై రోజుల సాధనమ్మా! పోనీ, నా కళ్ళల్లో ఏమన్నా తప్పుందా చెప్పండి."

"ఉత్తపుణ్యానికి మూసుకున్నారు నాయనా, మూయకపోయినా నాకు తెలిసేది కాదు," అంటూ ఆవిడ కుర్చీ పక్కన తడిమి, తన తెల్లకర్ర అందుకుంది.