బాపుకు చెప్పకుండ్రి

ఘల్లు... ఘల్లు...

గోడ అవతల గజ్జె చప్పుడు. ఆరో తరగతి గదిలో, చివరి బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న దీపిక తల ఎత్తింది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

బెబ్బులి వచ్చేసింది.

పేరుకే బెబ్బులి. పిల్లిని చూస్తే మంచం కిందికి దూరే నల్లకుక్క. కూనగా ఉన్నప్పుడు ఇంటికి తెచ్చి, ఎడ్ల మెడపట్టీ నుంచి ఒక గజ్జె విప్పి దాని మెడకు కట్టి, నవ్వుతూ ఆ పేరు పెట్టింది దీపిక నాన్న, బాపే. దుబాయికి బయలుదేరిన రోజు ఆయన దీపిక చేతిని దాని తల మీద ఆనించాడు.

“నేనొచ్చే దాంక గీన్ని పైలంగ చూసుకో బిడ్డా. నిన్ను గీడు చూసుకుంటడు.”

ఊరి బడిలో ఉన్నంతకాలం దీపికకు బెరుకు తెలియదు. వాడకట్టంతా ఆమెను బాపు పేరుతో ‘అంబదాసు బిడ్డ’ అనేది. ఆరో తరగతికి చేరిన చొప్పదండి బడిలో ఆ పిలుపు లేదు. అక్కడ ఆమె ఎవరి బిడ్డా కాదు. హాజరులో ఒక అంకె. గంట గంటకూ మారే సార్లు, ముందే జట్లు కట్టేసుకున్న ఆడపిల్లలు, అడిగితే నవ్వుతారేమోనని గొంతులోనే ఆగిపోయే మాటలు. అన్నింటి మధ్య, గోడ అవతలి ఆ గజ్జె ఒక్కటే తెలిసిన గొంతు.

దీపిక బడికి వెళ్లే జబ్బార్ ఆటో వెనుక రోజూ ఊరి నుంచి పరుగెత్తుకొచ్చేది బెబ్బులి. బడి విడిచే దాకా గేటు బయట పడుకునేది.

“నీ బాడీగార్డు వచ్చిండు, పోవే,” అని పిల్లలు ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళిలోంచే ఒకరిద్దరు స్నేహితులు పుట్టుకొచ్చారు. మధ్యాహ్నం గుడ్డులో సగం దాచి బెబ్బులికి పెట్టడం మొదలుపెట్టారు. బడి కొంచెం కొంచెంగా తనదవుతోందని దీపికకు అనిపించింది.

అంతలో ఒక ఉదయం గ్రానైట్ లారీ ఒకటి ఎదురొచ్చి ఆటోను దాటిపోయింది. వెనుక గజ్జె చప్పుడు ఆగిపోయింది.

జబ్బార్ తన తువ్వాలలో చుట్టి దాన్ని తిరిగి ఊరికి తెచ్చాడు. ఇంటి ముందు, రోడ్డు పక్క కానుగచెట్టు కింద గుంత తవ్వి పూడ్చి, మెడలోని గజ్జె దీపిక చేతిలో పెట్టాడు. దీపిక వెక్కివెక్కి ఏడుస్తుంటే కన్నతల్లి అయిన అవ్వ వినోద కసిరింది.

“కుక్క కోసం గింతగనం ఏడుస్తరా? ఊకో. ఇంకోటి తెచ్చుకుందాం.”

పొలానికి పోతున్న బాపు అన్న, పెద్దబాపు కరుణాకర్ ఆగనైనా ఆగలేదు.

దీపిక భయం వేరు. అప్పగించిన ప్రాణం అది. కాపాడలేకపోయింది. బాపుకు తెలిస్తే? అంత దూరంలో, ఒక్కడే ఉండి, ఎంత బాధపడతాడు? ఆ సాయంత్రం దీపిక అవ్వ ఫోను తీసుకుని, గొంతు సవరించుకుని బాపుకు వాయిస్ మెసేజ్ పెట్టింది.

“బాపూ, బెబ్బులి మంచిగున్నది. అన్నం తిన్నది. నువ్వు ఫికర్ చెయ్యకు.”

జవాబు రాలేదు. డ్యూటీలో ఉన్నాడనుకుంది.

తెల్లవారేసరికి ఊరు మారిపోయింది.

నిన్న ఆగనైనా ఆగని పెద్దబాపు పొద్దున్నే వచ్చాడు. దీపికను దగ్గరికి తీసుకున్నాడు. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“నా ఫోన్ ఖరాబైంది వినోదా. నాలుగొద్దులు నీది ఇయ్యి.”

“ఆయన చేస్తడేమో బావా?”

“నేను మాట్లాడిన. మంచిగనే ఉన్నడు.”

పక్కింటివాళ్లు వేడి జొన్నరొట్టెలు తెచ్చిపెట్టారు. జబ్బార్ దీపికను ముందు సీటులో కూర్చోబెట్టుకున్నాడు. లెక్క తప్పితే గద్దించే సారు, ఆ రోజు ఏమీ అనకుండా తల నిమిరి వెళ్లాడు.

ఒక నల్లకుక్క కోసం ఇంతమంది. దీపిక మనసు నిండిపోయింది. అవ్వకు తెలియని దుఃఖం ఊరికి తెలిసిందనుకుంది. ఆ ఊరిని ఆమె కోరింది ఒక్కటే.

“బాపుకు చెప్పకుండ్రి.”

ఆ మాట వినగానే జబ్బార్ ఆటోను పక్కకు ఆపాడు. అద్దంలో తన ముఖం కనబడకుండా తిప్పుకున్నాడు.

“చెప్ప, బేటీ. కసమ్.”

పెద్దబాపు తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఎట్ల చెప్త బిడ్డా? చెప్పనే చెప్ప.”

ఇంట్లో ఫోను లేకపోవడమే మేలనిపించింది దీపికకు. రోజూ అబద్ధం చెప్పే పని తప్పింది. అయినా అబద్ధం లోపల ముల్లులా కదిలేది. బాపు వచ్చిన రోజు తానే ఎదురు వెళ్లాలి. గజ్జె చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. కొడితే కొట్టనీ.

కొన్ని రోజులకు ఒక ఉదయం పెద్దబాపు బడికి వద్దన్నాడు.

“జబ్బార్‌తోని జరసేపు బయట కూసో బిడ్డా. అవ్వతోని మాట్లాడేదున్నది.”

వాడకట్టు మగవాళ్లు కొందరు తలలు వంచుకుని ఆయన వెనుకే లోపలికి వెళ్లారు. దీపిక కానుగచెట్టు కింద, మట్టిదిబ్బ పక్కన కూర్చుంది. దిబ్బ మీద పూలు రాలి ఉన్నాయి. గుప్పిట్లో గజ్జె వెచ్చబడింది.

“చాచా, బాపు వస్తే నేనే చెప్త. ఇగ అబద్ధమాడ.”

జబ్బార్ రోడ్డు వైపే చూస్తున్నాడు.

దూరం నుంచి తెల్లబండి ఒకటి వచ్చింది. ఇళ్లను వెతుక్కుంటూ నెమ్మదించి చెట్టు దగ్గర ఆగింది. డ్రైవర్ తల బయటికి పెట్టి, గొంతు తగ్గించి, జబ్బార్‌ను అడిగాడు.

“అన్నా, జర ఇల్లు చూపియ్యి. దుబాయి నుంచి పెట్టె తెచ్చినం, పోయినాయన పేరు అంబదాస్.”