నిలవని ఎండపూత

అంగన్‌వాడీ తలుపు నా కూతురు హిమజను లోపలికి రానివ్వలేదు. ఎండకు కాలకుండా ఒంటికి పూసే ఎండపూత సరిగ్గా లేని పిల్లలకు అది తెరుచుకోదు. పొద్దున ఎనిమిది దాటితే పెద్దవాళ్లం మాడినా ఓర్చుకుంటాం. మూడేళ్ల పిల్లకు పది నిమిషాల్లో బొబ్బలొస్తాయి. అప్పటికే ఎనిమిది కావస్తోంది. మా ఇంటికి అరగంట నడక. దారిలో నీడ లేదు.

తలుపు అద్దం వెనక నుంచి ఆయా ఓబులమ్మ అడిగింది. "పూత పూసినావా లేదా అన్నా?"

"పూసినా. శుక్రారం గదా, ముందు ఒళ్లంతా నువ్వుల నూనె పెట్టి నలుగు పెట్టినా. వాళ్లమ్మ ఉన్నన్నాళ్లూ అట్లే పెడుతుండె."

"పెండ్లి చేస్తాండావా పిల్లకు? నూనె మీద పూత నిలవదని ఎన్ని తూర్లు చెప్పల్ల?"

"తిట్టు ఎంతైనా. ముందు తలుపు తియ్యమ్మా."

"నా చేతిలో ఉంటే తియ్యనా అన్నా? అది నా మాట ఇనదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. అయినా ఆమెను నేను క్షమించను.

నూనె పోతే మిగిలిన పూతైనా నిలుస్తుందేమోనని తువ్వాలుతో తుడిచాను. రోడ్డు పక్క మట్టితో రుద్దాను. పిల్ల ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. తలుపు మీది ఎర్రదీపం ఆరలేదు.

పిల్లను తలుపుకు ఆనించి, ఎండకు వీపు పెట్టి అడ్డంగా నిలబడ్డాను. పొద్దు ఎక్కేకొద్దీ నా నీడ చిన్నదవుతోంది. హిమజ కాళ్లు ఆ నీడలోకి ముడుచుకుంటోంది.