బిడ్డకు నీళ్లు పోసే వరస

"ఈమెకే బతకాలని లేదు. మందు ఏం చేస్తుంది?" అని డాక్టరు నర్సుతో మెల్లగా అనడం గౌరమ్మకు వినిపించింది. కాదనాలని కూడా ఆమెకు అనిపించలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది. దుప్పటి సర్దుతున్న ఆయా సొన్నమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

టైఫాయిడ్ పట్టుకుని అది పదకొండో రోజు. అంటురోగాల వార్డులోకి ఇంటివాళ్లను రానివ్వరు. హొసకోటెలో పుట్టింట పురుడు పోసుకుని, మూడు నెలల బిడ్డతో బెంగుళూరు కబ్బన్‌పేటకు వచ్చి వారం కాకముందే గౌరమ్మ మంచాన పడింది. పుట్టింట తల్లికీ అదే జ్వరం. బిడ్డకు పాలిస్తున్నది పక్కింటి రత్నమ్మ.

మధ్యాహ్నం సొన్నమ్మ ఒక చీటీ తెచ్చింది. యుద్ధం రోజులు, కాగితం దొరకదు. నూలు కట్టకు చుట్టిన కాగితం వెనక పెన్సిలుతో రాసి ఉంది.

"మీ ఆయన గేటు కాడ నిలబడుకోని ఉండాడమ్మా. జవాబు తీసుకోనే పోతాడంట."

'బిడ్డకు నీళ్లు ఎట్ల పోసేది? వరసగా రాయి.' అంతే ఉంది చీటీలో.

పెళ్లయి ఏడాదిన్నర. అందులో ఆరు నెలలు ఆమె పుట్టింట్లోనే ఉంది. భర్త చెన్నరాయప్ప పొద్దస్తమానం మగ్గం గుంటలో కూర్చునే మనిషి. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెబుతాడు. ఆ మోటు చేతుల్లో తడి బిడ్డను తలుచుకుని గౌరమ్మ పెన్సిలు అడిగింది. ఇన్నాళ్లూ ఎవరు పోశారో అడగాలని కూడా తోచలేదు.

పడుకునే రాసింది. 'నీళ్లు కాచాల. కాళ్లు చాపుకోని బిడ్డను వాటిమీద పండుకోబెట్టాల. పోయాల.'

సొన్నమ్మ ఆ చీటీని అంటు పోయేట్టు కుంపటి సెగకు బాగా కాచి బయటికి తీసుకుపోయింది.

మర్నాడు ఇంకో చీటీ వచ్చింది. 'బోర్లా వేసేదా, వెల్లకిలా వేసేదా? పొయ్యి మీద నుంచి దించిన నీళ్లు దించినట్లే పోసేదా?'

ఇద్దరు పట్టుకుంటే గాని లేవని గౌరమ్మ గబుక్కున లేచి కూర్చుంది.

'వద్దు. చన్నీళ్లు కలపాల. మోచెయ్యి ముంచి చూడాల. చురుక్కుమంటే ఇంకా కలపాల. మొదట బోర్లా వేసి వీపు, తర్వాత వెల్లకిలా వేసి రొమ్ము. అది కూడా తెలియకపోతే రత్నమ్మను పోయమనండి.'

మూడో చీటీలో ఇట్లా ఉంది. 'ఆమెకు ఆమె బిడ్డతోనే సరిపోతాంది. నేనే పోయాల. తలమీద పోసేటప్పుడు నా చెయ్యి ఏడ పెట్టుకునేది?'

రోజుకొక చీటీ. ఎంత విడమరిచి రాసినా మర్నాటికి అందులోనే ఏదో ఒకటి అర్థం కాలేదనేవాడు. గౌరమ్మకు ఒళ్లు మండేది. అక్షరాలు వణికితే ఇంకేం తప్పు చేస్తాడోనని భయపడి, వద్దంటూ వచ్చిన బార్లీ నీళ్లు గ్లాసుడు తాగి మరీ రాసేది.

పద్దెనిమిదో రోజు జ్వరం నూటఅయిదు దాటింది. పిలిస్తే పలకడం లేదు. చీటీ ఇవ్వాలా వద్దా అని సొన్నమ్మ చాలాసేపు తటపటాయించింది. చివరికి చెవి దగ్గరికి వంగి చదివింది.

"చెవిలో నీళ్లు పోయినాయి. బిడ్డ ఏడుపు నిలపలేదు. ఏం చేసేది? నీ జవాబు వచ్చేదాకా గేటు కాడే ఉంటా."

గౌరమ్మ కనురెప్పలు కదిలాయి. పెన్సిలు కోసం చెయ్యి చాచింది. అది రెండుసార్లు జారిపడింది. సొన్నమ్మ ఏరి ఇచ్చింది. అయిదు ముక్కలు రాయడానికి గంట పట్టింది. 'ఆ చెవి కిందికి వచ్చేట్టు పండుకోబెట్టాల. మెత్తని గుడ్డ వత్తిగా చేసి అద్దాల. లోపలికి పొడవకూడదు. తల ఆరబెట్టాల. నేను వచ్చేదాకా తలమీద పోయొద్దు.'

రాత్రంతా ఆ ఏడుపే ఆమె చెవుల్లో ఉంది. నిద్రలోకి జారబోయిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచి, చీటీ వచ్చిందా అని అడిగింది. తెల్లారి వచ్చింది. 'ఏడుపు నిలిచింది. సాంబ్రాణి పొగ ఎంతసేపు పట్టేది?'

ఇరవై ఆరో రోజు జ్వరం దిగింది. ఇంకో పది రోజులకు ఇంటికి పంపారు.

జట్కా దిగగానే గౌరమ్మ గోడ పట్టుకుంటూ పక్కింటికి నడిచింది. రత్నమ్మ ఒడిలో తన బిడ్డ బొద్దుగా, నున్నగా ఉంది. చెవులు తడిమి చూసింది. తల వాసన చూసింది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు.

"ఏమీ చేతగాని మనిషి రత్నమ్మా. దినానికొక చీటీ రాసి నా పానం తీసినాడు. ఆయన చేతిలో నా బిడ్డ ఎట్ల బతికిందో."

రత్నమ్మ ఆమెను వింతగా చూసింది.

"అదేం మాటమ్మా, వాళ్లమ్మ పోయినంక ముగ్గురు తమ్ముళ్లకూ నీళ్లు పోసి పెంచిన చెయ్యి అది, మొన్న నువ్వు పుట్టింట్లో ఉన్నప్పుడు నా బిడ్డకు పురిటినీళ్లు పోసిందీ మీ ఆయనే."