పడ్డాక ఏమవుతుంది

ఆ వారం నర్సు కుసుమకు కాలు ఒకచోట నిలవడం లేదు. మొదటిసారి పెద్ద ట్రయాథ్లాన్‌కు పేరిచ్చింది. సముద్రంలో ఈత, వెంటనే సైకిలు, ఆపైన నలభై రెండు కిలోమీటర్ల పరుగు. విశాఖలో ఎవరింట్లో వాళ్లకున్నట్టే వాళ్లింటి గోడ మీది తెరలోనూ అచ్చం ఆమె ఒంటి సత్తువతోనే కదిలే ప్రతిరూపం ఉంది. ఏ పనైనా ముందు దానిచేత చేయించి చూసుకోవడం జనానికి అలవాటే. కుసుమ ప్రతిరూపం ఈత ముగించేది, సైకిలు దిగేది, పరుగులో ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కుప్పకూలేది. బట్టలారేస్తూ ఒకసారి, పప్పుకు పోపు పెడుతూ ఒకసారి, మళ్లీ మళ్లీ పరిగెత్తించింది. ప్రతిసారీ అక్కడే పడింది.

"మానేయరాదేటే?" అన్నాడు భర్త పైడిరాజు. ఆమె మళ్లీ దాన్ని పరిగెత్తించబోయేసరికి, "పడ్డాక ఏటి చేస్తాదది?" అని అడిగాడు.

"ఏమో. అక్కడితో తెర ఆగిపోద్ది."

ఆ మాట అన్నాక కుసుమ ఇక ఇంట్లో ఉండలేకపోయింది. పొయ్యి కట్టేసి, "బండి తియ్యి" అంది.

పోటీలో ముప్పయ్యో కిలోమీటరు వచ్చేది భీమిలి రోడ్డులో; ఆ చోట సరుగుడు తోపు తప్ప ఏమీ లేదు. కుసుమ ఎండలో ఒళ్లు తడిసేదాకా పరిగెత్తి, రోడ్డు పక్క ఇసుకలో కావాలనే బోర్లా పడింది. లేచి పది అడుగులు పరిగెత్తింది. వెనక్కి వచ్చి మళ్లీ పడింది. నాలుగోసారి లేవలేకపోయింది. పైడిరాజు గాభరాగా వచ్చి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు. ఆ రోజు ఎవరైనా చెయ్యేస్తే పోటీలోంచి తీసేస్తారు."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"అయితే నువ్వే లెగు. చూస్తన్నాను."

కుసుమ అరచేతులు ఇసుకలో ఆనించి, లేచింది.