చెల్లని ఒట్టు

జాగ మింగినందుకు కాదు, తుకారాంకు బావ రాఘవేందర్ మీద మంట. మింగి, మెడలో అయ్యప్ప మాల, నుదుట విభూతి రేఖలతో నంగనాచిలా కూర్చున్నందుకు.

కాప్రాలో కాలనీ గుడి మంటపం. పంచాయితీకి పెద్దమనిషి కాలనీ అధ్యక్షుడు ధర్మరాజు గారు. చుట్టూ ఓ పదిమంది. తగవు ఒక్కటే. యాప్రాల్‌లో రాఘవేందర్ పేరు మీద కొన్న నూట ఇరవై గజాల ప్లాటుకు సగం పైకం తాను చేతికిచ్చానంటాడు తుకారాం. పైసా ఇవ్వలేదంటాడు రాఘవేందర్. ఇచ్చినప్పుడు ఉన్నది వాళ్లిద్దరే.

"కాగితం లేదు, సాక్షి లేడు," అన్నారు ధర్మరాజు గారు. "ఇహ మిగిలింది ఆ పైవాడే. కర్పూరం వెలిగించి, ప్రమాణం చేసి ఆర్పాలి. ఆర్పినవాడి మాటే ఖాయం."

"నేనే ఆర్పుత," అంటూ తుకారాం లేచాడు.

మంటపమంతా నవ్వింది.

"నువ్వా!" అంది వీరరాఘవమ్మ, రోజూ గుడిలో పూలు కట్టే ముసలావిడ. "తీర్థం పుచ్చుకోవు. హారతి కళ్లకద్దుకోవు. దేవుడు లేడని బజారంతా చెప్పుకు తిరుగుతావు. నీకు కర్పూరమైతే ఏంటి, అగ్గిపుల్లయితే ఏంటి?"

"అమ్మా, గీ గుడి గ్రిల్ వెల్డింగ్ చేసింది నేను. కూలి సుత తీస్కోలే. ఒక్క కడ్డీ తక్కువ పెట్టిన్నా?"

"పెట్టలేదు నాయనా. దేవుడి భయం లేనివాడివి, ఇంకెవరి భయంతో పెట్టలేదో అంతుబట్టదు. అందుకే నువ్వంటే నాకు గుబులు."

అందరూ తలలూపారు. ధర్మరాజు గారు గొంతు సవరించుకున్నారు.

"తుకారాం, ఓ పని చెయ్యవయ్యా. ఒక్కసారి స్వామికి దండం పెట్టు. దేవుడున్నాడని ఒక్క మాట అను. అప్పుడు నీ ప్రమాణం చెల్లుతుంది. ఆ పూచీ నాది."

ఒక్క దండం. తుకారాం చేతులు కొంచెం పైకి లేచాయి కూడా. తను వెల్డింగ్ చేసుకునే అద్దె షెడ్డు ఓనరు అప్పటికే సామాను బయట పడేయించాడు. వెల్డింగ్ మిషన్ ఇంట్లో మంచం పక్కన మూలుగుతోంది. యాప్రాల్ జాగలో నాలుగు రేకులు వేసుకుంటేనే మళ్లీ పొయ్యి వెలిగేది.

లేచిన చేతులు దిగిపోయాయి.

"లేడని ఎరుకైనంక ఉన్నడని ఎట్లంట సార్? ఒట్టు పెట్టకముందే అబద్ధం ఆడుమంటున్నరా?"

"చూశారా పొగరు!" అన్నారు వెనకనుంచి ఎవరో.

తుకారాంకు చిర్రెత్తింది. "నా ఒట్టు చెల్లదంటున్నరు గదా. మంచిది. బావనే ఆర్పుమనుండ్రి. ఆయన ఆర్పితె, నేనింక గా జాగ దిక్కు చూడ."

"మాలలో ఉన్న స్వామి చేత ఒట్టు పెట్టిస్తావా? అపచారం, అపచారం!" వీరరాఘవమ్మ చెంపలేసుకుంది.

తుకారాం ధైర్యమూ అదే. బావ అంటే పిల్లి ఎదురొస్తే బండి తిప్పుకొని ఇంటికొచ్చే మనిషి. మంగళవారం గడ్డం గీసుకోడు. పద్దెనిమిదేళ్లుగా ఏటా మాల వేస్తున్నాడు. తుకారాంకు దేవుడి మీద నమ్మకం లేదు గానీ, దేవుడంటే బావకున్న భయం మీద కొండంత నమ్మకం.

ధర్మరాజు గారు సైగ చేయగానే పూజారి పళ్లెంలో కర్పూరం వెలిగించాడు. రాఘవేందర్ లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చాచిన చెయ్యి వణుకుతోంది.

"తుకారాం స్వామీ," అన్నాడు సన్నగా. మాలలో ఉన్నప్పుడు అతనికి మగవాళ్లందరూ స్వాములే. "పంతమెందుకు స్వామీ? ఇడిసిపెట్టరాదూ."

'వణుకుతున్నడు! అయిపోయిండు!' అనుకున్నాడు తుకారాం. "ఇడిసేది లేదు. ఆర్పు."

రాఘవేందర్ కళ్లు మూసుకున్నాడు. "స్వామియే శరణం అయ్యప్ప! ఈయన నాకు పైసా ఇయ్యలే!" అంటూ అరచేత్తో మంటను అదిమేశాడు.

పొగ లేచింది. ఎవరో గంట కొట్టారు. ధర్మరాజు గారు కండువా దులుపుకొని లేచారు. వీరరాఘవమ్మ వంగి రాఘవేందర్ పాదాలు కళ్లకద్దుకుంది. తుకారాం వైపు ఒక్కరూ చూడలేదు.

జనమంతా వెళ్లిపోయాక గుడి గేటు బయట తుకారాం చెప్పులు వెతుక్కుంటున్నాడు. మాలలో ఉన్నవాడు కనుక వట్టి కాళ్లతో వచ్చాడు రాఘవేందర్, అరచేయి ఊదుకుంటూ.

"బావా, జాగ పోతె పోయింది," అన్నాడు తుకారాం. "ఒక్కటి చెప్పు. నీ దేవుని ముంగట గట్లెట్ల ఆర్పినవ్? చెయ్యి సుత వణికె గదా. భయం కాలేదా?"

రాఘవేందర్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని తేలాక నోట్లోంచి 'స్వామి' పోయి 'రా' వచ్చింది.

"అయింది రా. చెయ్యి కాలుతదని."

"దేవునికి కాదా?"

"పిల్లి ఎదురొస్తె బండి తిప్పితి, నలుగురు చూసిన్రు. గా చూసుడే ఇయ్యాల అక్కరకొచ్చె. నువ్వు సుత ఒక్క దండం పెట్టుంటె ఏం పోతుండె రా? నేను నమ్మే పెడుతున్ననా, పద్దెనిమిదేండ్ల సంది?"

నమ్మనన్న ఆ మాటే, బావలా చాటుగా కాక, ఊరంతా వినేలా అన్నందుకు తుకారాంకు పోయింది యాప్రాల్‌లో అరవై గజాలు, తూర్పు ముఖం.